పడుకున్న ఫిరంగి

ఏప్రిల్ 3

పళ్ళ డాక్టరు ఈ రోజు నా కూతురి మంచం మీదికి ఫిరంగి తెచ్చాడు.

అట్టపెట్టెలో తెచ్చాడు. మూత మీద మంటలు, పొగ, ఆకాశం నిండా విమానాలు, కింద ఇనప టోపీలు పెట్టుకున్న మనుషులు. కడుపుతో ఉన్న పిల్ల కళ్ళ ముందు పెట్టాల్సిన బొమ్మే!

"ఏమిటండీ ఇది అన్నయ్యగారూ?" అన్నాను.

"విమాన విధ్వంసక తుపాకీ అండీ చెల్లెమ్మగారూ. ముప్పై అయిదో వంతు సైజు" అన్నాడు, చంటిబిడ్డ బరువు చెప్పినంత గర్వంగా. ఆ పేరు పూర్తిగా పలికేలోపు విమానం పక్క దేశం చేరుతుంది. నేను ఫిరంగి అనే రాస్తాను.

వియ్యంకుడని మర్యాద ఇస్తున్నాను. లేకపోతే, జీవితమంతా జనం పళ్ళు పీకి, రిటైరయ్యాక ప్లాస్టిక్ ఫిరంగులు అతికించుకుంటూ కూర్చునే మనిషిని ఏమనాలి? ఆయన గదిలో మంచం కింద, బీరువా మీద అన్నీ ఆ పెట్టెలే. ఒక్క విమానం లేదు, ఒక్క ఓడ లేదు. అన్నీ ఆకాశంలోకి మూతి ఎత్తిన ఫిరంగులే. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "విమానాలు అందరూ చేస్తారండీ. కింద నిలబడి పైకి చూసేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. ముప్పై ఏళ్ళు హిస్టరీ చెప్పినదాన్ని. రెండో ప్రపంచ యుద్ధం గురించి నాకు పాఠం!

అమ్మాయి పెట్టెను ఓసారి చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 4

ఒక్కసారి రాసేస్తాను, మళ్ళీ రాయను. రెండుసార్లు పోయింది. రెండుసార్లూ అయిదో నెలలోనే. ఇప్పుడు మళ్ళీ అయిదో నెల. డాక్టరమ్మ గర్భసంచికి కుట్టు వేసి, బాత్రూముకి తప్ప మంచం దిగొద్దంది. ఎనిమిదో నెలలో పడితే చాలు, తర్వాత నేను చూసుకుంటానంది.

నా కూతురు వంతెనలు కట్టే ఇంజినీరు. ఎండలో హెల్మెట్ పెట్టుకుని క్రేన్ల కింద తిరిగే పిల్ల. దానికి పడుకోవడం రాదు. చిన్నప్పుడు జోకొడితే నా చెయ్యే నిద్రపోయేది. అల్లుడు పొద్దున్నే రేవుకి డ్యూటీకి పోతాడు. అందుకే నా ఇల్లు కొడుకూ కోడలికి వదిలి వచ్చాను. కొడుకు పిల్లలు నిన్న ఫోను చేసి "బామ్మా, నువ్వు లేకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో" అన్నారు. బెంగో, సంతోషమో తెలియనివ్వలేదు. నా పెంపకమే.

ఈ ఇంట్లో వారాలు లెక్కపెట్టడం నిషేధించాను. క్యాలెండరు తీసి అల్మరాలో పడేశాను.

నాకేమీ భయం లేదు.

ఏప్రిల్ 9

మధ్యాహ్నం పాలు కాచి తెచ్చేసరికి అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఎవరినో కేకలేస్తోంది. "ఆ పిల్లరు దగ్గర షట్టరింగ్ ఎవరు విప్పమన్నారు? నేను వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దు!"

నేను వచ్చి చూసేదాకా! గ్లాసు బల్ల మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను.

"ఎక్కడికమ్మా ప్రయాణం? పల్లకీ పిలిపించనా?"

"అబ్బా అమ్మా, రెండు నిమిషాలు నిలబడ్డాను."

"వంతెన పడితే మళ్ళీ కట్టుకోవచ్చు. మంచమెక్కు."

"పడుకుని పడుకుని పిచ్చెక్కిపోతోందే. కాస్త నిలబడితే ఏమైపోతుంది?"

ఏమైపోతుందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం అనలేదు.

అప్పుడు గుమ్మంలో పళ్ళ డాక్టరు, చేతిలో ఫిరంగి పెట్టెలో వచ్చిన కాగితం. "తల్లీ, ఈ డ్రాయింగ్ ఒక్కసారి చూడవూ? మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాను. బుర్ర పనిచేయడం లేదు."

"నాకు ఓపిక లేదు మావయ్యా" అంటూనే కాగితం లాక్కుంది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరు గీశారు దీన్ని? ఈ బ్రాకెట్ ముందే బిగిస్తే షాఫ్ట్ లోపలికి ఎలా పోతుంది? ముందు అయిదోది చేయాలి, తర్వాత మూడోది. వీడికి ఉద్యోగం ఎవరిచ్చారు?" మాట్లాడుతూ మాట్లాడుతూ మంచమెక్కింది. దిండు వెనక్కి పెట్టుకుంది. "ఆ కట్టరు ఇలా ఇవ్వండి."

ఆయన నావైపు చూడలేదు. గది నిండా ఫిరంగులు చేసి పెట్టుకున్న మనిషికి మూడో బొమ్మ అర్థం కాలేదట. నేననుకున్నంత అమాయకుడు కాదు.

ఏప్రిల్ 14

జిగురు, రంగు ఈ గది గడప తొక్కకూడదని నా ఆజ్ఞ. ఆ వాసన కడుపుతో ఉన్నవాళ్ళకి పనికిరాదు. అందుకని ఫ్యాక్టరీ ఇలా నడుస్తోంది. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా వేలాడుతుంటాయి. అమ్మాయి పడుకునే వాటిని కోసి, దేనిలో ఏది పడుతుందో చూసి పళ్ళెంలో సర్దుతుంది. నేను పళ్ళెం బాల్కనీకి మోస్తాను. అక్కడ పళ్ళ డాక్టరు గీకి, నునుపు చేసి, అతికిస్తాడు. ఆరాక మళ్ళీ లోపలికి మోస్తాను. అమ్మాయి తప్పులు పట్టి వెనక్కి పంపుతుంది. నేను గూడ్సు బండిని. ముప్పై ఏళ్ళ సర్వీసుకి దక్కిన ప్రమోషను ఇది.

గీకడానికి ఆయన వాడేది పంటి గార తీసే కొక్కేలే. సందుల్లోకి తొంగి చూడటానికి ఆ చిన్న గుండ్రటి అద్దమే. పాత అలవాటు, ఫిరంగి గొట్టంతో మాట్లాడతాడు కూడా. "కొంచెం ఓర్చుకోవాలి... అయిపోయింది, అయిపోయింది." ఎంతమంది ఆ మాట నమ్మి నోరు తెరిచారో పాపం.

ఫిరంగి సిబ్బంది మొహాలకి రంగు వేసే పని నాకిచ్చారు. ఆరుగురు. ఒక్కొక్కడు నా బొటనవేలంత. "మూతులు గంభీరంగా వేయండి చెల్లెమ్మగారూ, యుద్ధంలో ఉన్నారు" అన్నాడు.

"పళ్ళు కనిపించేలా వేస్తాను, మీకు కాలక్షేపం."

ఏప్రిల్ 15

మొదటివాడు మా పాత హెడ్మాస్టరులా వచ్చాడు. కావాలని కాదు. కొంచెం కావాలనే.

ఏప్రిల్ 22

ఒక పొరపాటు జరిగింది. నా వల్లే అని వాళ్ళిద్దరూ అంటున్నారు.

పొద్దున బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చూశాను. ఫిరంగి గొట్టం దిమ్మ మీద వదులుగా ఊగుతోంది. అతికించడం మరిచిపోయాడనుకున్నాను. నా కళ్ళ ముందు ఏ వస్తువూ ఊగకూడదు. రెండు పక్కలా జిగురు పెట్టి, కదలకుండా పుల్ల ఆనించి, చేతులు కడుక్కుని వచ్చాను. అది ఊగడానికే అలా వదిలారట! మూతి పైకీ కిందికీ తిరగాలట. ఇప్పుడది నేల మీద కర్రలా అడ్డంగా బిగుసుకుపోయింది.

పళ్ళ డాక్టరు మొహం చూడాలి. ఒక పన్ను బదులు పక్క పన్ను పీకినవాడిలా నిలబడ్డాడు. "చెల్లెమ్మగారూ, ఇది విమానాలని కొట్టేదండీ. ఇప్పుడిది ఎదురింటివాళ్ళని కొడుతుంది."

"వాళ్ళ టీవీ గోలకి అదే సరైన మందు."

లాగితే విరిగిపోతుందట. పళ్ళెంలో పెట్టుకుని, పరీక్షలో చీటీ దొరికిన పిల్లలా లోపలికి వెళ్ళాను. అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని గొట్టం మెల్లగా ఎత్తి చూసింది. రాలేదు. తర్వాత ఫిరంగిని తన పక్కన దిండు మీద పడుకోబెట్టి, దుప్పటి అంచు కప్పింది.

"దీనికీ బెడ్ రెస్టే" అంది.

ముందు ఆయన నవ్వాడు. తర్వాత నేను. తర్వాత అమ్మాయి. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "ఆపవే, కుదుపు" అన్నాను. ఇంకా నవ్వింది. సిబ్బంది ఆరుగురూ తలలెత్తి ఆకాశంలోకి చూస్తున్నట్టు అచ్చు పోశారు. ఇప్పుడు పడుకున్న ఫిరంగి చుట్టూ నిలబడి పైకి చూస్తున్నారు. "వానొస్తుందేమో, బట్టలు తీయాలని చూస్తున్నారు" అంది.

పోయిన ఏడాది నుంచి ఈ ఇంట్లో ఆ చప్పుడు లేదు. జిగురు సీసా మీద నాకు గౌరవం పెరిగింది.

మే 6

ఏమీ లేదు.

మే 7

ఆసుపత్రి. మళ్ళీ రక్తం. రాయను.

మే 10

ఇంటికి తీసుకొచ్చాం. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. మిషన్లో నాకూ వినిపించారు. గుర్రం పరుగెత్తుతున్నట్టుంది. డాక్టరమ్మ ఇక దిండు కూడా ఎత్తుగా వద్దంది.

నాకేమీ భయం లేదు. టీలో చక్కెరకి బదులు ఉప్పు వేశాను. పళ్ళ డాక్టరు కప్పు ఖాళీ చేసి, "బాగుంది" అన్నాడు. తర్వాత నేను తాగితే గానీ తెలియలేదు.

మే 12

తల దువ్వుతుంటే అమ్మాయి అంది, "అమ్మా, ఒకటి చెబుతాను, తిట్టకు."

"ముందు చెప్పు. తిట్టేదీ లేనిదీ తర్వాత."

"ఆ ఫిరంగి పూర్తయ్యేదాకా బిడ్డకేమీ కాదనిపిస్తోంది. పూర్తయ్యాక మాత్రం... తెలియదు. పిచ్చి ఆలోచనే, నాకూ తెలుసు. మావయ్యకి చెప్పకు, నవ్వుతారు."

"ఇంజినీరింగ్ చదివించింది ఇందుకేనా?" అన్నాను. జడ బిగించి అల్లాను. బాగా బిగించి అల్లాను.

నేను ఇలాంటివి నమ్మను. పిల్లలకి క్లాసులో చెప్పేదాన్ని, చరిత్రకి కారణాలుంటాయి కానీ శకునాలు ఉండవని.

ఫిరంగికి ఇంకా చక్రాలు, ఒక సీటు, గురి చూసే రింగు మాత్రమే మిగిలాయి. ఈ లెక్కన వారంలో అయిపోతుంది.

మే 13

గన్నరు కూర్చునే సీటు కనిపించకుండా పోయింది. చిటికెన వేలి గోరంత ముక్క. చిన్న వస్తువులన్నాక పోతుంటాయి.

పళ్ళ డాక్టరు మోకాళ్ళ మీద పాకుతూ టార్చి వేసి, అద్దం పెట్టి, సోఫా కింద, బీరువా కింద వెతికాడు. "ఈ నేలకి ఆకలెక్కువండీ. ఎన్ని ముక్కలు మింగిందో" అన్నాడు. నేనూ వెతికాను. శ్రద్ధగా వెతికాను.

పిన్నీసుల డబ్బా ఎవరూ తెరవకుండా చూసుకోవాలి.

మే 20

ఇదొక విచిత్రం. పెట్టెలో ఒక చక్రం తక్కువ వచ్చిందట. నిన్నటిదాకా గుర్తు రాలేదట. పళ్ళ డాక్టరు కంపెనీకి ఫోను చేశాడట, పంపిస్తామన్నారట, ఓడలో రావాలట. కంపెనీలు ఇంత ఆలస్యం చేయడం కూడా ఒకందుకు మంచిదే.

జూన్ 3

హెడ్మాస్టరు మొహం చెరిపి మళ్ళీ వేశాను. మీసం ఎడమవైపు ఎక్కువైంది. రేపు చెరపాలి.

జూన్ 4

చెరిపాను. రెండోవాడిదీ బాగాలేదు.

జూన్ 11

"చెల్లెమ్మగారూ, ఆరుగురికీ ఎన్ని మొహాలు మారుస్తారండీ? ఇంట్లోవాళ్ళే గుర్తుపట్టరు వాళ్ళని" అన్నాడు.

"మీ చక్రం ఇంకా ఏ సముద్రంలో ఉందండీ?"

దగ్గు వచ్చింది ఆయనకి. లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి మిగిలిన ముక్కల పళ్ళెం పొట్ట మీద పెట్టుకుంటోంది ఇప్పుడు. బిడ్డ తన్నినప్పుడల్లా ముక్కలు ఎగురుతున్నాయి. "చూశావా అమ్మా, ఇది కూడా తప్పులు పడుతోంది." ఆ పళ్ళెం అలా ఎగురుతుంటే గంటసేపు చూశాను. పని మానుకుని చూశాను.

జూన్ 19

దుమ్ము దులపడానికి పళ్ళ డాక్టరు గదిలోకి వెళ్ళాను. అల్మరా మీద ప్లాస్టరుతో చేసిన పళ్ళ సెట్టు ఒకటుంది, వైద్యం నేర్చుకునే రోజుల నాటిది. తుడుద్దామని పై దవడ ఎత్తాను. నోట్లో చక్రం!

చక్రం చేత్తో పట్టుకుని బాల్కనీకి వెళ్ళాను. ఆయన ఏ పనీ లేకుండా ఖాళీ బల్లను తుడుస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఓడ వచ్చింది."

చక్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. వయసుకి తగని దొంగ మొహం పెట్టాడు. "అది... మరి... ఎక్కడ దొరికిందండీ?"

"కంపెనీ నోట్లో. ఎందుకు దాచారు?"

బల్ల తుడవడం మళ్ళీ మొదలుపెట్టాడు. "అమ్మాయి నాకో మాట చెప్పిందండీ. అమ్మకి చెప్పకండి, తిడుతుంది అంది."

లోపలికి వెళ్ళి పిన్నీసుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. పిన్నీసుల మధ్య సీటు. ఆయన దాన్ని పట్టకారుతో ఎత్తి వెలుతురులో చూశాడు.

"మోకాళ్ళు అరిగిపోయేలా వెతికానండీ దీనికోసం!"

"చూశాను. జాలేసింది. కానీ ఇవ్వలేదు."

"మీరు నమ్ముతారా ఇలాంటివి?"

"ఛ. మీరు?"

"ఛ."

ఏదో ఒకటి అనాలి కాబట్టి చెప్పాను. ఆ యుద్ధం మొదట్లో ఈ ఫిరంగులు రాత్రంతా కాల్చినా ఒక్క విమానం పడేది కాదు. గురికి అందేవి కావు. అయినా వాటి చప్పుడు వింటేనే కింద నేలమాళిగల్లో ఉన్నవాళ్ళకి ధైర్యంగా ఉండేదట, మనకోసం ఎవరో ఏదో చేస్తున్నారని.

"తెలుసండీ" అన్నాడు. "అందుకే నేను వీటినే చేస్తాను."

నేను పాఠం చెప్పాననుకున్నాను. ఆయన ఎప్పుడో పరీక్ష రాసేశాడు.

సీటు డబ్బాలోకి, చక్రం దవడలోకి. పని యథావిధిగా ఆగిపోయింది.

జూలై 12

డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది. ఎనిమిదో నెల. అన్నీ సరిగ్గా ఉన్నాయంది. అల్మరాలోంచి క్యాలెండరు తీసి గోడకి తగిలించాను.

సాయంత్రం అమ్మాయి మమ్మల్నిద్దరినీ పిలిచింది. పడుకునే ఉంది, సైటు ఆఫీసులో మేస్త్రీలని నిలబెట్టినట్టు నిలబెట్టింది.

"చక్రాలు కోసింది ఎవరు?"

"నువ్వే తల్లీ" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఎన్ని కోశాను? నాలుగు. నాలుగూ లెక్కపెట్టి పళ్ళెంలో పెట్టాను. తక్కువ వచ్చిందని మీరంటుంటే, పాపం ఎలా చెబుతున్నారో అని వింటూ పడుకున్నాను. ఇంక నువ్వు! ముక్క పోయిందన్న రోజు ఇల్లంతా వెతికావు, నీ పిన్నీసుల డబ్బా ఒక్కటి తప్ప. నేను పుట్టినప్పటి నుంచీ ఏది పోయినా నువ్వు మొదట వెతికేది అందులోనే."

ఇద్దరం నేల చూపులు చూశాం.

"మరి ముందే ఎందుకు చెప్పలేదే?"

"మీరిద్దరూ అంత కష్టపడి దాస్తుంటే లేచి తిరగబుద్ధి కాలేదు. పడుకుని చూడటమే బాగుంది." తర్వాత చెయ్యి చాపింది. "ఇక తెచ్చేయండి. ఈ రోజు పూర్తి చేద్దాం."

ఆయన వెంటనే వెళ్ళి చక్రం తెచ్చాడు. నేను డబ్బా తెచ్చాను. మూత రాలేదు. బిగుసుకుపోయింది. వర్షాకాలంలో రేకు డబ్బాలు అలాగే బిగుసుకుంటాయి.

"రేపు చూద్దాంలే" అన్నాను.

"అమ్మా."

"జిగురు ఆరాలి. వెలుతురు కూడా లేదు. హెడ్మాస్టరు మీసం కూడా ఇంకా..."

"అమ్మా, నాకు భయం లేదు. ఇవ్వు."

నాకేమీ భయం లేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూడను.

మూత వచ్చింది. సీటు దాని అరచేతిలో పెట్టాను. చక్రం నొక్కింది, సీటు నొక్కింది, గురి చూసే రింగు తగిలించింది. అన్నీ జిగురు లేకుండానే చక్కగా కూర్చున్నాయి. నేను గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయాను. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

జూలై 13

ఏమీ కాలేదు. పొద్దున్నే లేచి చూశాను. ఫిరంగి పూర్తిగా తయారై కిటికీలో ఉంది. అమ్మాయి పూర్తిగా పడుకుని గురకపెడుతోంది. పొట్ట పైకీ కిందికీ కదులుతోంది.

ఎప్పుడూ చూడనట్టు ఉంది కిటికీలోంచి దాని మీద పడే ఆ వెలుతురు. కవిత్వం రాయడం నాకు చేతకాదు, ఇక్కడితో ఆపుతాను.

ఆగస్టు 9

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. బరువు సరిపోయింది.

పళ్ళ డాక్టరు నర్సు చేతిలోంచి తీసుకుని, మొట్టమొదట చిగుళ్ళు చూశాడు. చిటికెన వేలితో పెదవి ఎత్తి మరీ చూశాడు. "ఏమండీ, ఒక్క పన్నూ లేదు! ఎంత అద్భుతంగా ఉన్నాయో చూడండి చిగుళ్ళు!" పన్ను లేని నోటిని చూసి ఏడ్చిన పళ్ళ డాక్టర్ని మొదటిసారి చూశాను. అల్లుడేమో ఎవరు కనిపిస్తే వాళ్ళకి చెయ్యి కలుపుతున్నాడు. లిఫ్టు అబ్బాయికి రెండుసార్లు కలిపాడు.

నన్ను ఎత్తుకోమన్నారు. కళ్ళజోడు మసకగా ఉంది. తుడుచుకుని ఎత్తుకున్నాను.

ఆగస్టు 16

ఇంటికొచ్చి మూడు రోజులైంది. నిన్నటి నుంచి ఒకటే ఏడుపు. పాలు తాగి ఏడుస్తుంది, తాగక ఏడుస్తుంది. ఇంత మనిషికి అంత గొంతు ఎక్కడిదో! ఎదురింటివాళ్ళు టీవీ ఆపేసి కిటికీలు మూసుకున్నారు. పళ్ళ డాక్టరు చెవుల్లో దూది పెట్టుకుని "ఏదో ఒకటి చేయండి చెల్లెమ్మగారూ" అంటూ వరండా కొలుస్తున్నాడు.

అమ్మాయి లోపలి గదిలోంచి నడుచుకుంటూ వచ్చింది. తన కాళ్ళతో, తనంతట తాను, గది ఈ చివరి నుంచి ఆ చివరికి. ఎవరూ ఆపలేదు.

"అమ్మా, ఏమైందే దీనికి? ఎందుకిలా ఏడుస్తోంది?"

"ఏమీ కాలేదు" అన్నాను. "ఏడవనీ."